పోరుమామిళ్ల చెరువు ఒడ్డున మా గుడారం

మా చిన్నాయన ప్రొద్దుటూరులో బడిపంతులు. పాఠాలతో పాటు బడిలోని స్కౌటు పిల్లల బాగోగులు కూడా ఆయనే చూసుకునేవాడు. 1985 నుంచి 1990 దాకా, ఏటా ఎండాకాలం సెలవుల్లో ఒక వారం, మా ఇంటి పిల్లలం ఆరుగురిని వెంటబెట్టుకొని పోయి పోరుమామిళ్ల చెరువు ఒడ్డున గుడారం వేసేవాడు. ఏడాదికి ఐదు రాత్రుల చొప్పున ఆరేళ్లకు ముప్ఫై రాత్రులు. ఆ ముప్ఫై రాత్రుల గురించి రాయాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఇప్పటికి కుదిరింది.

ప్రయాణం ఖాయమైన రోజు నుంచి మా అవ్వకు నిద్ర పట్టేది కాదు. "రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయంటారు, అట్లాంటి ఎండకు పసిపిల్లోళ్లను కొండ కాడికి తోలకపోతావా రా?" అని చిన్నాయనను గట్టిగా అడిగేది. రోహిణి ఇంకా రాలేదనీ, కృత్తిక కార్తెలోనే పోయి వచ్చేస్తామనీ, చెరువు గాలికి ఊర్లో కన్నా అక్కడే చల్లగా ఉంటుందనీ ఆయన నింపాదిగా చెప్పేవాడు. అవ్వ ఒప్పుకున్నట్టు ఏనాడూ అనలేదు కానీ, బయలుదేరే రోజు తెల్లవారేసరికి రాగిపిండి మూట, వేయించిన చెనిక్కాయ గింజలు, బెల్లం, ఎండుమిరపకాయలు, చింతపండు అన్నీ విడివిడిగా కట్టి గడప దగ్గర పెట్టి ఉండేవి.

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, బద్వేలు మీదుగా పోయేవాళ్లం. మైదుకూరు దాటినాక బస్సు నల్లమల కనుమ ఎక్కేది. అప్పటిదాకా కిటికీ కోసం తగవులాడుకున్న పిల్లలందరం ఆ మలుపుల్లో నోళ్లు మూసుకొని అడవిని చూస్తూ కూర్చునేవాళ్లం. ఎండకు ఆకు రాల్చిన చెట్ల మధ్య ఎక్కడో ఒకచోట పచ్చగా నిలబడిన చెట్టు కనపడితే, దాని కింద తడి ఉన్నట్టని చిన్నాయన చూపించేవాడు. కొండ దిగితే సగిలేరు లోయ. పడమట నల్లమల, తూర్పున వెలికొండలు, మధ్యలో ఊళ్లు, పొలాలు. బద్వేలులో బస్సు మారి పోరుమామిళ్లలో దిగేవాళ్లం. అక్కడి నుంచి సామాను ఎద్దులబండి మీద వేసుకొని చెరువుకు నడిచేవాళ్లం.

ఆ చెరువును మొదటిసారి చూసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చెరువంటే నాలుగు పక్కలా మట్టికట్ట ఉంటుందనుకునే వయసు. ఇక్కడ కట్ట వెతుక్కుంటే కొండ కనపడింది. నాలుగు కొండగుట్టలు వరసగా నిలబడి ఉంటే, వాటి మధ్య ఉన్న సందులను మాత్రం మూడు మట్టికట్టలతో పూడ్చి, నీటివైపు కడప బండలు పరిచారు. మొత్తం 14,000 అడుగుల పొడవులో మనిషి వేసిన కట్ట 4,500 అడుగులేనని, తక్కినదంతా కొండేనని చిన్నాయన నోటుపుస్తకంలో రాసుకొని ఉన్నాడు. ఆ కొండా కట్టా తూర్పున ఉండడం వల్ల సాయంత్రం కట్ట మీద నిలబడితే ఎదురుగా నీళ్లు, నీళ్లకు ఆవల నల్లమల, నల్లమల మీద సూర్యుడు కనపడేవి. ఎండాకాలం కాబట్టి నీళ్లు సగానికి పైగా తగ్గి ఉండేవి. అయినా ఆ నీటి మీద పరుచుకునే ఎరుపు మా కాళ్ల దగ్గర దాకా వచ్చేది.

మేము గుడారం వేసే చోటు రెండో గుట్ట మొదట్లో, రెండు వేపచెట్ల పక్కన ఉండేది. గుడారం బడిది కాదు. ఎవరో అమ్మేసిన పాత లారీ టార్పాలిన్‌ను చిన్నాయన సొంత డబ్బుతో కొని, అంచులకు ఇత్తడి వలయాలు కొట్టించి పెట్టుకున్నాడు. మధ్యలో వెదురు నిట్టాడు, చుట్టూ తుమ్మకర్ర గూటాలు, కొబ్బరితాళ్లు. తాడును గూటానికి కట్టే ముడిని స్కౌటు పుస్తకంలో క్లోవ్ హిచ్ అంటారని చెప్పి, ఒక్కొక్కరి చేత పదిసార్లు కట్టించాడు. తాడు ఒక చుట్టు చుట్టి, దాని మీదుగా ఇంకో చుట్టు తిప్పి, కొసను రెండో చుట్టు కిందికి దూర్చి లాగితే, ఎంత గుంజితే అంత బిగుస్తుంది. సామాను దించి బీడీ వెలిగించుకున్న బండి మనిషి మా తంటాలు కాసేపు చూసి, "ఇది గొడ్డును కట్టే ముడే గదా సామీ" అని ఒక్క చేత్తో వేసి చూపించాడు. చిన్నాయన ఆ మాటకు ఎంత సంతోషపడ్డాడంటే, ఆ రోజు నుంచి ఆ ముడిని మా దగ్గర గొడ్డుముడి అనే పిలిచాడు. నా కొడుక్కు కూడా ఆ పేరుతోనే నేర్పించాను.

1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అనే దీవిలో బేడెన్ పవెల్ ఇరవైమంది పిల్లలతో వేసిన గుడారాల నుంచే స్కౌటింగ్ అంతా మొదలైందని మొదటి రాత్రి నెగడు దగ్గర చెప్పడం ఆయనకు ఆనవాయితీ. "వాళ్లు ఇరవైమంది, మనం ఏడుగురం. వాళ్లకు సముద్రం, మనకు చెరువు" అనేవాడు. ఆ మాట వింటుంటే మాకు ఒళ్లు పొంగేది.

తెల్లవారగానే పళ్లు తోముకునేదాని కన్నా ముందు చేయవలసిన పని ఒకటుండేది. కట్టకు నీటివైపు పరిచిన బండలు మెట్లు మెట్లుగా, వరసలుగా ఉంటాయి. నీటి అంచు నుంచి కట్టపై దాకా ఎన్ని వరసలు బయట కనపడుతున్నాయో లెక్కపెట్టి రావాలి. తప్పు లెక్క తెస్తే మళ్లీ పోవాలి. అయితే ఒక వరస మందం పెద్దది కాబట్టి రోజువారీ తేడా అందులో తెలియదు. అందుకని నీటి అంచున, అల తగలని మూల చూసి, కత్తితో గంట్లు పెట్టిన ఒక కర్రను లోతుగా పాతేవాడు. పక్కరోజు పొద్దున చూస్తే ఆ కర్ర మీద చీమ పట్టేంత తడి అంచు, దాని కింద నీటి మట్టం. ఐదు రోజులకు రెండు వేళ్ల మందం నీళ్లు తగ్గేవి. ఎవరూ తోడలేదు, తూము కూడా మూసే ఉంది, మరి ఏమైనాయని మా తమ్ముడు అడిగితే, చిన్నాయన చెయ్యెత్తి ఎండవైపు చూపించాడు. కంటికి ఆనినంత దూరమున్న నీటి మీద రెండు వేళ్ల మందం అంటే ఎన్ని బిందెలవుతుందో లెక్కకట్టమని మా అక్కకు అప్పగించాడు. అక్క ఆ లెక్కతో ఒక మధ్యాహ్నమంతా వేపచెట్టు కింద కూర్చుంది. చివరికి వచ్చిన అంకెను పైకి చదవలేక, కాగితాన్ని ఆయన చేతికి ఇచ్చింది.

ఆ వరసల లెక్క, కర్ర లెక్క అన్నీ తేదీలతో సహా నోటుపుస్తకంలోకి ఎక్కేవి. ఆ పుస్తకంలోనే ముందు పేజీల్లో శాసనం ఉండేది.

చెరువును తవ్వించినవాడు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు. ఆయనకు భవదూరుడనే పేరు కూడా ఉంది. శాలివాహన శకం 1291, అంటే 1369లో చెరువు పూర్తయింది. దాని అసలు పేరు అనంతరాజ సాగరం. భైరవుడి గుడి దగ్గర రెండు పెద్ద బండల మీద సంస్కృతంలో చెక్కించిన శాసనం ఉంది. రాజుల శాసనాల్లో ఎక్కువగా వంశాలు, బిరుదులు, దానాలు ఉంటాయి. ఈ శాసనంలో చెరువు ఎట్లా కట్టాలో ఉంది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు కావాలట: ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం చదివిన పండితుడు, గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, ఆ ఏటిని ఆనుకొని ఉన్న కొండ, ఆ కొండ భాగాల మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, తిన్నగా పొడవుగా వచ్చే రాళ్లున్న గని, పని తెలిసిన మనుషులు, ఇట్లా. ఆరు దోషాలు కూడా చెప్పారు. వాటిని చిన్నాయన మా చేత ఎక్కాల్లాగా వల్లెవేయించాడు. కట్టలోంచి నీళ్లు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులాగా నేల ఉబికి ఉండడం, నీళ్లు కొంచెమై పొలం ఎక్కువ కావడం, పొలం కొంచెమై నీళ్లు ఎక్కువ కావడం. చెరువు నడుమ ఉబికిన నేలను శాసనంలో కూర్మమన్నారు.

ఆ దోషాల్లో మూడోదాన్ని నేను పెద్దయినాక ఎన్నోసార్లు తలుచుకున్నాను. రెండు రాజ్యాల నడుమ చెరువు కట్టొద్దని ఆరువందల ఏళ్ల కిందట రాతి మీద చెక్కి పెట్టిన సీమ ఇది. నీళ్ల పంపకాల వార్త ఎప్పుడు చదివినా, భైరవుడి గుడి ముందు వరసగా నిలబడి "మూడోది, రెండు రాజ్యాల పొలిమేర" అని గట్టిగా అప్పగించిన మా గొంతులే వినపడతాయి.

రోజుకు వెయ్యిమంది మనుషులు కట్ట మీద పనిచేస్తే, నూరు బండ్లు రాయి తోలితే, రెండేళ్లకు పూర్తయిందని కూడా అందులో ఉంది. గుట్ట ఎక్కి కూర్చుని చీమల్లాగా కదిలే ఆ వెయ్యిమందిని ఊహించుకోమనేవాడు. వాళ్లకు సంగటి ఎవరు కెలికారు, ఎన్ని కుండలు పట్టాయి అని మా అత్త కూతురు అడిగింది. ఆ ప్రశ్నకు శాసనంలో జవాబు లేదని చిన్నాయన ఒప్పుకొని, దాన్ని కూడా పుస్తకంలో రాసుకున్నాడు.

మా సంగటి మాత్రం చిన్నాయనే కెలికేవాడు. మూడు పొయ్యిరాళ్లు ప్రతి ఏడూ అవే. తిరిగి వచ్చేటప్పుడు వేపచెట్టు మొదట్లో బోర్లించి పెట్టి వస్తే, మరుసటి ఏటికి అక్కడే ఉండేవి. పుట్టిలో తిరిగే చేపలవాళ్లు పొద్దున్నే ఒడ్డుకు వస్తే వాళ్ల దగ్గర చేపలు కొనేవాళ్లం, లేనిరోజు ఊరిబిండి. మధ్యాహ్నం గుట్ట మీద పాలపండ్లు, కలే పండ్లు ఏరుకు తిని, పాలపండ్ల బంకకు పెదాలు అతుక్కుపోయి మాట రాక ఒకరినొకరు చూసి నవ్వుకునేవాళ్లం.

రాత్రిపూట గుడారంలో ఎవరూ పడుకునేవాళ్లు కారు. అది వానకూ సామానుకూ మాత్రమే. బయట ఈతచాపల మీద వరసగా పడుకుంటే ఉత్తరాన సప్తర్షులు, నడినెత్తికి దగ్గరగా స్వాతి, దక్షిణాన చిత్త. మాటలు సద్దుమణిగే వేళకు ఆగ్నేయంలో ఎర్రగా జ్యేష్ఠ లేచేది. తీతువు పిట్ట నీటి అంచున అరుస్తూ ఎగిరేది. అది అరిచినప్పుడల్లా అక్క నా చెయ్యి పట్టుకునేది. ఇంతలో చెరువు నడుమ పెద్ద చేప ఒకటి ఎగిరి పడిన చప్పుడు, దాని వెంట చాలాసేపటికి ఒడ్డుకు వచ్చి తగిలే చిన్న అల. ఆ అల కోసం నిద్ర ఆపుకొని కాచుకునేవాళ్లం.

మూడో ఏడు ఒక రాత్రి గాలివాన వచ్చింది. నల్లమల వైపు మెరుపులు మొదలయ్యేసరికే చిన్నాయన లేచి కూర్చున్నాడు. గాలి నీళ్ల మీదుగా వచ్చే చప్పుడు ముందు వినపడింది, తరువాత దుమ్ము, ఆ తరువాత వడగండ్లు. రెండు గూటాలు పెకలిపోయి టార్పాలిన్ తెరచాపలాగా లేచింది. చిన్నాయన నిట్టాడును పీకేసి, టార్పాలిన్ నేల మీద పడగానే మమ్మల్ని అందరినీ దాని కిందికి తోసి, అంచుల మీద తానొక పక్క, పెద్దన్న ఒక పక్క కూర్చున్నారు. చీకట్లో, ఒకరి మోకాలు ఇంకొకరి వీపులో గుచ్చుకుంటూ, అరగంట సేపు అట్లాగే ఉన్నాం. వడగండ్లు పడే చప్పుడులో ఎవరు ఏడ్చారో తెలియలేదు. వాన వెలిసి బయటికి వస్తే చిన్నాయన చేతులు, నుదురు కదుములు కట్టి ఉన్నాయి. నోటుపుస్తకాన్ని మాత్రం అక్క పావడాలో చుట్టి పొట్టకు అదుముకొని ఉంది; ఒక్క పేజీ తడవలేదు. తెల్లవారి కర్ర చూస్తే నీటి మట్టం ఒక గంటు కూడా పెరగలేదు. ఎండిన నేల ముందు తాను తాగి గానీ చెరువుకు వదలదని ఆయన చెప్పాడు. నుదుటి మీద కదుముకు పసుపు పెట్టుకుంటూనే చెప్పాడు.

ఇక నాలుగో ఏడు. ఆ ఏడు వానల్లేవు. చెరువులో నీళ్లు లేవని ముందే తెలిసి, ఈసారికి వద్దని అందరూ అన్నారు. నీళ్లు లేనప్పుడే చెరువు కనపడుతుందని చిన్నాయన బయలుదేరదీశాడు. పోయి చూస్తే కట్ట మీద అన్ని వరసలూ బయటే ఉన్నాయి. మేము ఎన్నడూ చూడని అడుగు వరసలు, నాచు ఎండి బూడిదరంగుకు తిరిగి, పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. ఆ రోజు లెక్కపెట్టడానికి ఎవరూ పోటీ పడలేదు.

గుడారం చెరువు లోపలే వేశాం. అరచెయ్యి పట్టేంత నెర్రెలిచ్చిన నేల, దాని మీద లెక్కలేనన్ని తెల్లటి నత్తగుల్లలు. నడిస్తే కాలి కింద పటపటమని చిట్లేవి. మొదటి పొద్దు చిన్నాయన మమ్మల్ని పడమటికి నడిపించాడు. కూర్మం ఉందేమో చూసి రావాలన్నాడు. ఎండ ముదిరేదాకా నడిచాం. మేము నడిచిన మేర ఎక్కడా తాబేటి వీపు కనపడలేదు. నేల పళ్లెం లాగా సన్నగా వాలుతూ పోయింది. వెనక్కి తిరిగి చూస్తే నాలుగు గుట్టలు, వాటిని కలిపే మూడు కట్టలు, చెయ్యీ చెయ్యీ పట్టుకొని నిలబడిన ఏడుగురు మనుషుల్లాగా కనపడ్డాయి. మేమూ ఏడుగురమే. నీళ్లున్నప్పుడు ఒడ్డు నుంచి ఆ రూపం ఎన్నడూ తెలియలేదు.

రైతులు చెరువుమట్టి తోలుకుంటున్నారు. నీళ్లు లేకపోయినా చెరువు ఏదో ఒకటి ఇస్తుందని, ఈ వండ్రు వేస్తే చేను మూడేళ్లు బాగా పండుతుందని ఒక పెద్దాయన చెప్పాడు. కట్ట పక్కన నిలబడి మేము బండ్లు లెక్కపెట్టాం. ముప్ఫై ఏడు. "నూటికి ఇంకా అరవై మూడు తక్కువ" అన్నాడు చిన్నాయన. శాసనంలోని నూరు బండ్లు ఎంత దూరం బారులు తీరి ఉంటాయో నాకు మొదటిసారి తెలిసింది ఆ మధ్యాహ్నమే.

తాగేనీళ్ల కోసం చెరువులోకి వచ్చే ఏటి ఇసుకలో చెలిమ తీశాం. పొడి ఇసుకను చేతులతో పక్కకు తోస్తే మోచేతి లోతున రంగు మారింది, ఇంకొంచెం తోడితే వేళ్లకు చల్లదనం తగిలింది. మోకాలి లోతుకు వచ్చేసరికి గుంత అడుగున ఒక మూల ఇసుక మెరిసింది. నీళ్లు పారలేదు, ఊరాయి. మొదటి నీళ్లు బురదగా ఉంటే కొబ్బరి చిప్పతో తీసి పారబోశాం; రెండోసారీ పారబోశాం; మూడోసారి ఊరిన నీళ్లలో గుంత అడుగునున్న ఇసుక రేణువులు ఒక్కొక్కటీ కనపడ్డాయి. చిన్నాయన ముందు ఒక చిప్పెడు నేల మీద వదిలి, తరువాత చిన్నవాళ్ల నుంచి వరసగా తాపాడు. బిందె నిండడానికి గంట పట్టేది. ఆ గంటా ఎవరో ఒకరు చెలిమ పక్కన కూర్చోవాలి. రాత్రి వంతు నాకు వచ్చినప్పుడు లాంతరు తగ్గించి గుంతలోకి వంగి చూస్తే, అరచెయ్యంత నీటిలో జ్యేష్ఠ ఉంది. ఎవరినీ లేపలేదు.

1990 తరువాత అన్నలు, అక్క చదువులకు తిరుపతికీ కర్నూలుకీ పోయారు. టార్పాలిన్ చాలాకాలం మా కళ్లంలో చెనిక్కాయల కుప్ప మీద కప్పుగా ఉండేది. చిన్నాయన ఉద్యోగ విరమణ చేసి, మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు ఇల్లు కదలడం లేదు.

మంచి వానలు పడిన ఒక ఏడు, దసరా సెలవులకు నా కొడుకును తీసుకొని చెరువుకు పోయాను. కట్ట ఎక్కకముందే నీటి చప్పుడు వినపడింది, మరవ పారుతోంది. మా రెండు వేపచెట్లలో ఒకటే మిగిలింది, అది మొదలు దాకా నీటిలో నిలబడి ఉంది. పొయ్యిరాళ్లు ఆ నీటి అడుగునే ఎక్కడో ఉంటాయి. కట్ట మీద నిలబడి చిన్నాయనకు ఫోను చేసి, చెరువు దగ్గర ఉన్నానని చెప్పాను. అవతలి నుంచి కాసేపు మాట రాలేదు. తరువాత, నలభై ఏళ్ల నాటి ఆ పంతులు గొంతుతోనే అడిగాడు.

"ఎన్ని వరసలు కనపడతాండాయి రా?"

అక్కడి నుంచే చూసి చెప్పబోయాను. "ఆడ నిలబడి చూస్తే తప్పు లెక్క వస్తాది. కిందికి దిగు" అన్నాడు. ఫోను కొడుకు చేతికిచ్చి, చెప్పులు కట్ట మీద విడిచి, తడి బండల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నీటి అంచుకు దిగాను. అక్కడి నుంచి పైకి చూస్తూ ఒకటి నుంచి మొదలుపెట్టాను. వాడు కట్ట మీద నిలబడి నా లెక్కను అంకె తరువాత అంకె ఫోనులోకి అందిస్తున్నాడు. నాలుగు దగ్గర లెక్క ముగిసింది. "నాలుగేనంట తాతా" అన్నాడు వాడు. చిన్నాయన ఏమన్నాడో నాకు వినపడలేదు. వాడు మాత్రం జేబులు తడుముకొని, రాసుకోవడానికి పెన్ను ఉందా నాన్నా అని పైనుంచి అడిగాడు.